కరెంటు, విద్యుత్తు, పోతన మెరుగు

సందేహం: ‘కరెంటు’ అంటే ప్రవాహం అని తరగతిలో చెబుతున్నాను. పిల్లలేమో ‘కరెంటు పోయింది’, ‘కరెంటు బిల్లు’ అంటారు. దిద్దాలా? విద్యుత్, విద్యుత్తు – ఏది ఒప్పు? ‘విద్యుత్ శక్తి’ అని విడదీసి రాయొచ్చా? వడి, వేగం ఒకటేనా?
– ఒక ఫిజిక్స్ టీచరు, పరకాల

సమాధానం: పిల్లల్ని దిద్దకండి సారూ. కరెంటు పోయిందంటే తీగలో ప్రవాహం ఆగిందనే కదా. అక్కడ వాళ్ల మాట మీ పాఠానికి దగ్గరగానే ఉంది. పేచీ అంతా బిల్లు దగ్గరే. మనం డబ్బు కట్టేది ప్రవాహానికి కాదు, వాడుకున్న శక్తికి. ఒక యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్, అంటే 36 లక్షల జౌళ్లు. అయినా ‘విద్యుచ్ఛక్తి బిల్లు వచ్చిందా’ అని ఇంట్లో ఎవరడుగుతారు? నేనూ అడగను.

నా కోపం పత్రికల మీద. చెల్పూరు కాకతీయ థర్మల్ కేంద్రం 1,100 మెగావాట్లదని రాస్తే సరే, అది సామర్థ్యం, అంటే శక్తిని పుట్టించే రేటు. ‘రోజుకు ఇన్ని మెగావాట్ల శక్తి’ అని రాస్తేనే ఒళ్లు మండుతుంది. రోజు లెక్క అయితే యూనిట్లలో చెప్పాలి. బలం, శక్తి, సామర్థ్యం వాడుకలో అన్నదమ్ముల్లా కలిసి తిరిగిన మాటలే, ఒప్పుకుంటాను. శాస్త్రం వేరు కాపురాలు పెట్టించాక మళ్లీ ఒక గదిలో ఎందుకు కుక్కడం?

ఇక విద్యుత్తు. విశేషంగా వెలిగేది విద్యుత్. మొదటి అర్థం మెరుపే. ఇంగ్లీషు మాట ‘ఎలక్ట్రిసిటీ’, రుద్దితే గడ్డిపరకను లాగే అంబరు అనే శిలాజపు జిగురు నుంచి పుట్టింది. మనవాళ్లు నేలను వదిలి మబ్బును పట్టుకున్నారు. అమరకోశం మెరుపుకు పది పేర్లు చెబుతుంది: శంప, తటిత్తు, సౌదామిని, చంచల... అన్నీ స్త్రీలింగాలే. ‘క్షణప్రభ’ వాటిలో ఒకటి. గాలిదుమారం లేచే వేసవి సాయంత్రాల్లో మా హనుమకొండ వీధి కరెంటుకు అంతకంటే తగిన పేరు లేదు.

అచ్చతెలుగులో మెరుపును మెరుగు అన్నారు. మన బమ్మెర పోతనకు గ్రహణపు రాత్రి గంగ ఒడ్డున రాముడు కనిపించిన పద్యం చూడండి:

మెఱుఁగు చెంగట నున్న మేఘంబు కైవడి
నువిద చెంగట నుండ నొప్పువాఁడు

మెరుపు పక్కనున్న మబ్బులా, సీత పక్కనున్న రాముడు. పేర్లు చెప్పలేదు, ‘ఉవిద’ (స్త్రీ) అన్నాడంతే. ఆయన నలుపూ, ఆమె మేనిచాయా వేరే చెప్పే పని లేకుండా ఒక్క మెరుగే చూపించేసింది. ఆ వెలుగు లేకపోతే గ్రహణపు చీకట్లో అంత నల్లనివాడు కవి కంటపడేవాడా అని నాకో అనుమానం. అంతటి మాటను మనం ‘రోడ్ల పరిస్థితి మెరుగుపడింది’ అనే ప్రకటనలకు ధారపోశాం.

రూపం మాటకొస్తే, విడిగా విద్యుత్తు అనడం తెలుగు తీరు. సమాసంలో విద్యుద్దీపం, విద్యుచ్ఛక్తి. ‘విద్యుత్ శక్తి’ అని విడదీసినా నేను ఎర్రసిరా పెట్టను, ఇప్పుడు అందరూ అలాగే రాస్తున్నారు. ‘విద్యుశ్చక్తి’ని మాత్రం ఊరుకోను.

వడి, వేగం నిఘంటువుకు ఒకటే. దిక్కు చెబితే వేగం, దిక్కు లేనిది వడి అన్న పంపకం మీ పాఠ్యపుస్తకాలది. అందులో నేను వేలు పెట్టను.