ఆదివారం కాని రోజుల గురించి

చిట్టితల్లీ,

ప్రభువు నామంలో వందనాలు. నీ ఉత్తరం చేరింది. ఆరాధనలో కళ్ళ వెంట నీళ్ళు కారతాయని, ఇంటికొచ్చి గంట తిరక్కముందే ఎవరో ఒకరి మీద అరిచేస్తానని, "నేను ఉత్త ఆదివారం క్రైస్తవురాలినేమో పెద్దమ్మా" అని రాశావు. ఇంకా ఎక్కువసేపు ప్రార్థన చేస్తే ఇది తగ్గుతుందా అని అడిగావు. తగ్గొచ్చు. కానీ ఎంతసేపు అన్నదాని కంటే, ఆ ప్రార్థనలో ఇంట్లోవాళ్ళ గురించి దేవునితో ఏం మాట్లాడుతున్నావో ముందు చూసుకోమంటాను.

టైం సంగతి మొదట తేల్చేద్దాం. తెల్లవారకముందే లేచి గంటసేపు మోకరించాలన్న నియమం, రాత్రంతా నిద్రపోని పసిబిడ్డ ఉన్న ఇంట్లో వారం కూడా నిలవదు. తప్పానన్న బాధ మాత్రం మిగులుతుంది. రోజుకొక కీర్తన చాలు. 13వ కీర్తనలో ఉన్నవి ఆరే వచనాలు, 117లో రెండే. పైకి చదువు, పసివాడు వింటే విననీ. ఇంగ్లండులో సుసన్నా వెస్లీ అనే ఆవిడ ఉండేది. మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ, ఆయన తమ్ముడు చార్లెస్ ఆమె కొడుకులే. 19 మందిని కన్నది, వాళ్ళలో తొమ్మిదిమంది పసితనంలోనే పోయారు. ఆమె ప్రార్థన చేసుకోవాలంటే ఏప్రన్ ఎత్తి తల మీద కప్పుకునేదని, అలా ఉన్నప్పుడు పిల్లలెవరూ కదిలించేవాళ్ళు కాదని చెబుతారు. ఆమెలా ఉండమని కాదు, 19 మంది అనుకుంటేనే నాకు నీరసం వస్తుంది. విడిగా గది, నిశ్శబ్దం దొరికితేనే ప్రార్థన అని కూర్చోవద్దంటున్నాను, అంతే.

ఇక అసలు విషయం. లూకా సువార్త 10లోని అక్కచెల్లెళ్ళు మార్త, మరియల మీద ఎన్నో ప్రసంగాలు వినే ఉంటావు. యేసు ఇంటికొస్తే మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని మాటలు వింటుంది, మార్త పనుల్లో మునిగి ఉంటుంది. అన్నింటిలోనూ మార్తకు చీవాట్లే. నాకు అది అన్యాయంగా అనిపిస్తుంది. ఇంటికొచ్చినవాళ్ళకు ఎవరో ఒకరు వండాలి కదా! యోహాను 12లో కూడా ఆమె వడ్డిస్తూనే కనిపిస్తుంది, అక్కడ యేసు ఆమెను ఒక్క మాట అనలేదు. వాళ్ళ సహోదరుడు లాజరు చనిపోయినప్పుడు "నీవు దేవుని కుమారుడవైన క్రీస్తువు" అని ఒప్పుకున్నది కూడా ఈ మార్తే. మరి లూకాలో ఏం జరిగింది? పనుల ఒత్తిడిలో మరియ మీద చిరాకొచ్చింది. ఆ సంగతి మరియతో అన్నట్టు ఎక్కడా లేదు. నేరుగా యేసు దగ్గరికి వచ్చి, నాకు సాయం చేయమని ఆమెతో చెప్పు అంది. ప్రభువును తన తరఫున మాట్లాడమంది. ఆయన ఆ పని చేయలేదు.

మన ప్రార్థనలు చాలావరకు ఇదే. "ప్రభువా, ఈయన మనసు మార్చు. అత్తయ్య నోరు అదుపులో పెట్టు. ఆ తోడికోడలి కళ్ళు తెరువు." ఒకసారి నీ ప్రార్థన నువ్వే విను. అందరి తప్పుల పట్టీ చదివి, చివర ఆమేన్ అంటున్నావేమో చూడు. అలా ప్రార్థించి లేచినప్పుడు మనసు తేలికపడదు, కేసు ఇంకాస్త బలపడుతుంది.

దానికి నేను చెప్పే మందు చిన్నదే. ఎవరి మీద కోపంగా ఉందో ఆ మనిషికి ఏం కావాలో దేవుణ్ణి అడుగు. ఆ మనిషి నుంచి నీకు కావలసింది కాదు, ఆ మనిషికి కావలసింది. అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులన్నావు, వాటి గురించి పేరుపెట్టి ప్రార్థించు. మీ ఆయనకు ఆఫీసులో ఏదో టెన్షన్ ఉందన్నావు, దాని గురించి అడుగు. పొద్దున మోకాళ్ళ గురించి ప్రార్థించినదానివి, సాయంత్రం "ఇవాళ నొప్పి ఎలా ఉంది అత్తయ్యా?" అని అడగకుండా ఉండలేవు. ఆవిడ మారుతుందని నేను మాట ఇవ్వను. నీ గొంతు మాత్రం మారుతుంది.

కుటుంబ ప్రార్థనలో ఇంకో చెడ్డ అలవాటు ఉంది, భక్తిగలవాళ్ళలోనే ఎక్కువ. దేవునితో మాట్లాడుతున్నట్టే ఉండి పక్కనున్నవాళ్ళకు చురకలు వేయడం. "తండ్రీ, ఈ ఇంట్లో నీ మందిరానికి రాని వాళ్ళను క్షమించు" అంటే ఎవరి గురించో అందరికీ తెలుసు. మీ ఆయన చర్చికి రావడం లేదని బాధపడుతున్నావు కదా, ఇది మాత్రం చేయకు. భార్య మాటలతో కాదు, నడవడితోనే భర్తను గెలవచ్చని పేతురు రాశాడు (1 పేతురు 3:1). అపొస్తలుడైన పౌలుకు శిష్యుడు తిమోతి, అతని తండ్రి గ్రీసు దేశస్థుడు. ఆయన విశ్వాసి అని ఎక్కడా రాసి లేదు. తల్లి యునీకే, అమ్మమ్మ లోయి ఉన్నారు, ఆ పిల్లవాడికి లేఖనాలు వచ్చాయి. నువ్వు పిల్లలతో చదువుతూ ఉండు. ఆయన పక్కగదిలో విన్నా చాలు.

వాక్యం విసురుకోవడం కూడా ఇలాంటిదే. కోపంలో ఆయన "లోబడి ఉండమని రాసి ఉంది" అంటే, నువ్వు వెంటనే ఎఫెసీ 5:25 తీసి "భార్యను ప్రేమించమని కూడా రాసి ఉంది" అనకు. అది నిజమే, కానీ ఆ పూట ఎవరికీ ఎక్కదు. ఇద్దరూ చల్లబడ్డాక 21వ వచనం నుంచి కూర్చుని చదవండి. అక్కడ ఒకరికొకరు లోబడమని ఉంది, చాలామంది ఆ వచనం దాటేసి 22తో మొదలుపెడతారు.

సామెతలు 31 చదివి దిగులుపడ్డానని రాశావు, నవ్వొచ్చింది. ఆ గుణవతి మీద 22 వచనాలున్నాయి, హెబ్రీ అక్షరమాలలో అక్షరానికొకటి చొప్పున. ఒక రోజులో ఒక మనిషి చేసే పనుల జాబితా కాదది. పైగా 15వ వచనంలో ఆమెకు పనికత్తెలున్నారు, చూసుకో!

సంఘంలో నీకూ ఆ అక్కకూ మాటలు లేవని రాశావు. ఫిలిప్పీ పత్రిక 4వ అధ్యాయం తియ్యి. దేనిని గూర్చీ చింతపడవద్దన్న మాట అందరికీ నోటికొచ్చు. దానికి కాస్త ముందు, యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలను ఏకమనస్సుతో ఉండమని పౌలు బతిమాలుకుంటాడు. తగువు దేని గురించో చెప్పలేదు, తప్పు ఎవరిదో చెప్పలేదు. ఇద్దరూ సువార్త పనిలో తనతో కష్టపడ్డవాళ్ళని గుర్తుచేసి, వాళ్ళకు సాయపడమని ఒక్క మనిషిని అడిగాడు. నువ్వూ ఒక్కరినే అడుగు, ఇద్దరికీ గౌరవం ఉన్న మనిషిని. "ప్రార్థన అంశం" పేరుతో పదిమంది చెవిన వేయకు. అలా వేసిన మాట ప్రార్థనకు చేరకముందే ఊరంతా చేరుతుంది. లేదా నువ్వే వెళ్ళి "ఆ రోజు నేనలా అనడం తప్పక్కా" అను. "కానీ మీరు కూడా" అనే రెండో ముక్క తగిలించావో, మొదటిది వృథా. పిల్లల మీద ఊరికే అరిచినప్పుడు వాళ్ళకు కూడా ఇలాగే సారీ చెప్పాలి. దానివల్ల తల్లి గౌరవం పోదు.

నీ స్నేహితురాలి సంగతి వేరు, దాన్ని పై మాటలతో కలపకు. భర్త చేయిచేసుకుంటున్నాడంటే అది ఆమె విశ్వాసానికి పరీక్ష కాదు, అతని పాపం. డెబ్బై ఏళ్ళ మారులు, అంటే డెబ్బై ఏడుల సార్లు క్షమించమన్నాడు ప్రభువు, నిజమే. కానీ క్షమించడమంటే దెబ్బలు తినడానికి అదే ఇంట్లో ఉండమని కాదు. ముందు పిల్లలతో సహా క్షేమమైన చోటికి చేరమను, తనవాళ్ళకు చెప్పమను. అవసరమైతే పోలీసుల దగ్గరికి వెళ్ళడం అవిశ్వాసం కాదు. పౌలును కొరడాలతో కొట్టబోతే తాను రోమా పౌరుడినని చట్టం అడ్డుపెట్టుకున్నాడు, తర్వాత రోమా చక్రవర్తి కైసరుకే అప్పీలు చేసుకున్నాడు. అబీగయీలు కూడా భర్త నాబాలుకు చెప్పకుండానే బయల్దేరి, దాడికి వస్తున్న దావీదును ఆపి ఇంటిల్లిపాదినీ కాపాడింది. "ఓర్చుకో తల్లీ" అని పంపేసే పెద్దలు ఎదురైతే, ఇంకొక పెద్ద దగ్గరికి వెళ్ళమను. నువ్వు తోడు వెళ్ళు.

ప్రార్థనలో ఏమీ అనిపించడం లేదన్న రోజులకు 88వ కీర్తన ఉంచుకో. అది చీకటి మాటతోనే ముగుస్తుంది, స్తుతితో కాదు. అయినా దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు.

స్త్రీల కూడికలో ప్రార్థన నడిపించమన్నారట, ఒప్పుకో. ఒక్క పద్ధతి పెట్టు: ఎవరి అంశం వాళ్ళే చెప్పాలి, అక్కడ లేని మనిషి గురించి చెప్పాలంటే ఆ మనిషి ఒప్పుకుని ఉండాలి. మొదట్లో కొందరికి నచ్చదు. అంశాలు సగానికి పడిపోతాయి, పడిపోనీ. చంటిపిల్లల తల్లులు ఎలాగూ ఆలస్యంగా వస్తారు, వాళ్ళొచ్చాకే సాక్ష్యాలు, అంటే దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకోవడం, మొదలుపెట్టు. చెప్పిన టైముకు ముగించు.

ప్రేమతో,
పెద్దమ్మ