జోర్డాన్‌ని వదిలేసిన టీమ్ తప్పు ఎక్కడుంది?

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ఎన్‌బీఏ డ్రాఫ్ట్ మీదే, అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌లో టీములు ఏటా కొత్త కుర్రాళ్ళని వరసగా ఎంచుకునే కార్యక్రమం, ఒక్కో వంతుని పిక్ అంటారు. న్యూయార్క్‌లో రాత్రి ఎనిమిదికి మొదలయ్యేది మనకి తెల్లారి ఐదున్నరకి వస్తుంది, పర్లాకిమిడి నుంచి బరంపురం దాకా ఇంతమంది పొద్దున్నే లేచి ఫోన్లో చూస్తున్నారని మీ మెసేజ్‌లు వచ్చేదాకా నాకు తెలీదు, చాలా సంతోషంగా ఉంది. అన్నిటికీ జవాబు రాయడానికి చోటు లేదు, నాలుగు తీసుకున్నాను.

అన్నా, పోర్ట్‌లాండ్ వాళ్ళు 1984లో మైకేల్ జోర్డాన్‌ని వదిలేసి సామ్ బోవీని తీసుకున్నారు, 2007లో కెవిన్ డ్యురాంట్‌ని వదిలేసి గ్రెగ్ ఓడెన్‌ని తీసుకున్నారు. ఒకే టీమ్ ఒకే తప్పు రెండుసార్లు ఎలా చేస్తుంది? – డిగ్రీ స్టూడెంట్, పర్లాకిమిడి

తమ్ముడూ, అందరూ ఈ రెండిటినీ ఒకే గాటన కట్టేస్తారు కానీ నా లెక్కలో ఒకటే తప్పు, రెండోది తప్పు కాదు.

1984 చూడు. మొదటి పిక్ హ్యూస్టన్‌ది, వాళ్ళు హకీమ్ ఒలాజువాన్‌ని తీసుకున్నారు, దాన్ని ఎవరూ తప్పనరు. రెండోది పోర్ట్‌లాండ్‌ది. వాళ్ళకి ముందు ఏడాదే 14వ పిక్‌లో క్లైడ్ డ్రెక్స్‌లర్ దొరికాడు, జిమ్ పాక్సన్ కూడా ఉన్నాడు, ఇద్దరూ జోర్డాన్ ఆడే చోటే ఆడతారు, కాబట్టి మాకు గార్డ్ (బయట నుంచి బాల్ నడిపేవాడు) వద్దు, సెంటర్ (బాస్కెట్ దగ్గర ఆడే పొడుగువాడు) కావాలి అనుకున్నారు. ఇంతవరకూ బానే ఉంది. కానీ బోవీ కాలేజీలో ఉండగానే కాలి ఎముక దెబ్బతిని రెండు సీజన్లు పూర్తిగా కూర్చున్నాడు, అది దాచిన సంగతి కాదు, అందరికీ తెలుసు. ఇటు జోర్డాన్ ఆ ఏడాది కాలేజీ బాస్కెట్‌బాల్లో బెస్ట్ ప్లేయర్ అవార్డులు తీసుకుని వచ్చాడు. అంటే కళ్ళ ముందు ఉన్న సమాచారాన్ని పక్కన పెట్టి, ఈ ఏడాది మా టీమ్‌లో ఏ కుర్చీ ఖాళీగా ఉందో చూసి తీసుకున్నారన్నమాట. టీమ్ అవసరం రెండేళ్ళలో మారిపోద్ది, ట్రేడ్ చేస్తే ఒక్క రోజులో మారిపోద్ది, కుర్రాడు మాత్రం పదిహేనేళ్ళు ఆడతాడు. బోవీ మొదటి సీజన్ బాగానే ఆడాడు పాపం, తర్వాత కాలు మళ్ళీ మళ్ళీ విరిగింది.

2007 వేరు. ఓడెన్ ఏడడుగుల మనిషి, ఒహాయో స్టేట్ యూనివర్సిటీ టీమ్‌ని కాలేజీ ఫైనల్ దాకా తీసుకెళ్ళాడు, కుడి మణికట్టు ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు ఫ్రీ త్రోలు (ఫౌల్ అయినప్పుడు ఎవరూ అడ్డం లేకుండా వేసే షాట్లు) ఎడమ చేత్తో వేశాడు, అంత పట్టుదల. ఆ జూన్‌లో మొదటి పిక్ ఎవరి చేతిలో ఉన్నా దాదాపు అందరూ అతన్నే తీసుకునేవాళ్ళు. మోకాలి ఆపరేషన్ సెప్టెంబర్‌లో అయింది, మొదటి సీజన్ మొత్తం పోయింది, పోర్ట్‌లాండ్‌కి అతను ఆడింది మొత్తం 82 మ్యాచ్‌లు. ఫలితం ఘోరం, నిజమే. అయినా నిర్ణయాన్ని ఆ రోజు చేతిలో ఉన్న సమాచారంతో చూడాలి కదా, తర్వాత జరిగింది చూసి ఆ రోజు వాళ్ళకి బుర్ర లేదనడం అన్యాయం.

గురువుగారూ, మా బాబుకి పద్నాలుగేళ్ళు, అప్పుడే ఆరడుగులు దాటేశాడు. స్కూల్లో పీఈటీ సార్ బాస్కెట్‌బాల్ ఆడించమంటున్నారు. పెద్ద టీములవాళ్ళు పిల్లల్లో ఏం చూస్తారు? – ఒక తల్లి, రాయగడ

అమ్మా, ముందు బాబుని గోడకి వీపు ఆనించి నిలబెట్టి రెండు చేతులూ బార్లా చాపమనండి, ఈ చివర మధ్యవేలు దగ్గర ఒక సుద్దగీత, ఆ చివర ఒకటి, టేపుతో కొలవండి. మామూలు మనుషులకి ఇది ఇంచుమించు ఎత్తుతో సమానంగా ఉంటుంది, మీ బాబుకి మూడు నాలుగు అంగుళాలు ఎక్కువ వస్తే మంచిదే. డ్రాఫ్ట్‌కి ముందు షికాగోలో కంబైన్ అని పెడతారు, అక్కడా ఇదే పని, బూట్లు విప్పించి ఎత్తు, చేతుల పొడవు, నిలబడి చెయ్యి ఎత్తితే ఎంత అందుతుంది, ఎంత ఎగురుతాడు, అన్నీ కొలుస్తారు. ఎదుటివాడి షాట్‌ని బ్లాక్ చేసేది చెయ్యి కదా, తలకాయ కాదు.

కానీ కొలతల్ని మరీ నమ్మకండి. డ్యురాంట్ 2007లో డ్రాఫ్ట్ ముందు ఇలాంటి పరీక్షలోనే 185 పౌండ్ల బెంచ్ ప్రెస్ ఒక్కసారి కూడా ఎత్తలేకపోయాడు, 2014లో ఎంవీపీ, అంటే ఆ ఏడాది లీగ్‌లో బెస్ట్ ప్లేయర్ అయ్యాడు. మన సత్నామ్ సింగ్ పంజాబ్ నుంచి వెళ్ళాడు, ఏడడుగుల రెండంగుళాలు, 2015లో డల్లాస్ 52వ పిక్‌లో తీసుకుంది, ఇండియాలో పుట్టి డ్రాఫ్ట్ అయిన మొదటివాడు, ఆ రోజు మనమందరం ఎంత పొంగిపోయామో, కానీ ఎన్‌బీఏలో ఒక్క రెగ్యులర్ మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు, ఎందుకంటే ఆట అప్పటికే వేగం వైపు, బయటి నుంచి షూట్ చేసే పొడుగువాళ్ళ వైపు మారిపోయింది.

ఇంక ఒట్టి కంటితో చూడాల్సింది రెండు. ఒకటి ఫ్రీ త్రో, కుర్రాడి షూటింగ్ ముందుముందు ఎలా ఉంటుందో చెప్పడానికి స్కౌట్లు (టీముల కోసం కుర్రాళ్ళని వెతికేవాళ్ళు) మూడు పాయింట్ల లెక్క కన్నా దీన్నే ఎక్కువ నమ్ముతారు, ఎవరూ అడ్డం ఉండరు కాబట్టి చెయ్యి ఎలాంటిదో తెలిసిపోతుంది. రెండోది, బాల్ అందకముందే తల తిప్పి ఎవరెక్కడున్నారో చూసుకుంటున్నాడా, అందాక చూస్తున్నాడా అన్నది, మ్యాచ్‌లో ఒక పది నిమిషాలు బాల్‌ని వదిలేసి మీ బాబు కళ్ళనే చూడండి. నికోలా యోకిచ్‌కి ఉన్నది అదే, ఎగరలేడు, పరిగెత్తలేడు, 2014లో డెన్వర్ అతన్ని 41వ పిక్‌లో తీసుకుంటుంటే టీవీలో టాకో బెల్ అనే ఫుడ్ చైన్ యాడ్ వస్తోంది, ఆ మనిషి మూడుసార్లు ఎంవీపీ, 2023లో చాంపియన్.

కంగారు పడి ఇప్పుడే సెంటర్ అని ముద్ర వేసి బాస్కెట్ కింద నిలబెట్టకండమ్మా, డ్రిబ్లింగ్, పాసింగ్ అన్నీ నేర్పించమనండి.

లాస్ట్ వచ్చిన టీమ్‌కే ఫస్ట్ పిక్ ఇచ్చేయొచ్చు కదా, ఈ లాటరీ ఎందుకు? ఐపీఎల్‌లాగా డబ్బు పెట్టి కొనుక్కోవచ్చా? – బరంపురం

లాటరీ అంటే కింద నిలిచిన టీముల్లో మొదటి పిక్ ఎవరిదో చీటీ తీసినట్టు తేల్చడం. లాస్ట్ టీమ్‌కే ఇచ్చేస్తే కావాలని ఓడిపోతారు, ఇప్పటికే ఓడుతున్నారు, దాన్నే ట్యాంకింగ్ అంటారు. ఒకప్పుడు లాస్ట్ టీమ్‌కి మొదటి పిక్ వచ్చే చాన్స్ 25 శాతం ఉండేది, 2019లో దాన్ని మార్చి కింద మూడు టీములకీ తలా 14 శాతం చేశారు. 2025లో డల్లాస్‌కి 1.8 శాతమే ఉంది, అయినా వాళ్ళకే తగిలి కూపర్ ఫ్లాగ్‌ని తీసుకున్నారు. వేలం లేదు, మొదటి రౌండ్‌లో ఏ నంబర్ పిక్‌కి ఎంత జీతమో ముందే ఒక స్కేల్ ఉంటుంది.

2018లో డాన్చిచ్‌ని వదిలేసిన వాళ్ళలో ఎవరిది పెద్ద తప్పు అంటారు? – గుణుపురం

శాక్రమెంటో. ఫీనిక్స్ ఏటన్‌ని మొదటి పిక్‌లో తీసుకుంది, అతనితో 2021లో ఫైనల్స్ కూడా ఆడింది. శాక్రమెంటో రెండో పిక్‌లో బాగ్లీని తీసుకుంది, అప్పటికే పాయింట్ గార్డ్ ఫాక్స్ ఉన్నాడు, మళ్ళీ అదే ఖాళీ కుర్చీ లెక్క. లూకా డాన్చిచ్ ఏమో రియల్ మాడ్రిడ్‌లో పెద్దాళ్ళ మధ్య ఆడుతూ పంతొమ్మిదేళ్ళకే యూరోలీగ్ (యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ) గెలిచి, అక్కడ ఎంవీపీ కూడా అయి వచ్చాడు, ఇంతకన్నా ఏం రుజువు కావాలి? యూరప్ కుర్రాడు, స్లోగా ఉంటాడు అని అప్పట్లో చాలామంది సణిగారు. అట్లాంటా మూడో పిక్‌లో తీసుకుని డల్లాస్‌కి ఇచ్చేసి ట్రే యంగ్‌నీ, తర్వాతి ఏడాది ఫస్ట్ రౌండ్ పిక్‌నీ తెచ్చుకుంది, యంగ్‌తో 2021లో కాన్ఫరెన్స్ ఫైనల్ (అంటే సెమీస్ లాంటిది) దాకా వెళ్ళింది, కాబట్టి వాళ్ళని సగమే తప్పు పడతాను. బాగ్లీని మాత్రం శాక్రమెంటో నాలుగో ఏడాదిలోనే డెట్రాయిట్‌కి పంపేసింది.