నమాజు సరే, కుట్టుకూలి సంగతి?

ప్రశ్న: "ముస్లింలలో నమాజు, రోజా (ఉపవాసం), జకాత్ (ఏటా తీయాల్సిన దానం) అన్నీ మనిషికీ అల్లాకీ మధ్య వ్యవహారమేనా? చుట్టుపక్కల మనుషులతో వాటికి సంబంధం ఉంటుందా?"

సంబంధం లేదనేవాళ్ళు మా ఊరి మసీదులో మొదటి వరసలో కూర్చుంటారండీ. రుమాలు పరిచి చోటు ఆపుకుని మరీ. శుక్రవారం వాళ్ళ బండ్లు గేటుకి అడ్డంగా ఉంటాయి, ముసలాళ్ళు పక్కకి ఒరిగి దూరాలి.

నేను పదో తరగతిలో ఉన్నప్పటి సంగతి చెప్తాను. మాది గుంటూరు జిల్లాలో చిన్న ఊరు. మసీదు సందులో నాన్నకి టైలరు షాపు. రంజాన్ నెలకి రెండు వారాల ముందొచ్చే షబే బరాత్ అయిన వారానికి ఒక మిర్చి వ్యాపారి 40 జతల కుర్తా పైజామాలకి గుడ్డ పంపాడు, మదరసా పిల్లలకి పంచడానికి. జతకి 90 రూపాయల కూలి. అర్ధరాత్రి దాకా మిషను ఆగేది కాదు, కాజాలు అమ్మ తీసేది. మొదటి రోజా నాటికి బట్టలు అందించాం. పంపకం ఘనంగా జరిగింది. ఫ్లెక్సీ మీద ఆయన ఫోటో మసీదు మినారు కంటే పెద్దది. మా 3,600 మాత్రం రాలేదు.

ఇరవై ఆరో రోజా నాడు నాన్న అడగడానికి వెళ్తుంటే నేనూ వెనక నడిచాను. ఆ రోజే ఆయన ఇంటి ముందు జకాత్ పంపిణీ. ఆడవాళ్ళు ఎండలో వరస కట్టి ఉన్నారు. నాన్న సంగతి చెప్పగానే ఆయన పక్కనున్న కవర్ల కట్టలోంచి నాలుగు తీసి చేతిలో పెట్టాడు. "ఇవి ఉంచు భాయ్, మిగతాది పండగయ్యాక చూద్దాం." నాన్న తిరిగి ఇచ్చేశాడు. "జకాత్ తీసుకునేంత లేనివాణ్ణే కావచ్చు సాబ్. కానీ మీ దగ్గర నాకు రావాల్సింది కూలి." ఆయన నవ్వాడు. "డబ్బు డబ్బే కదా!"

కాదండీ. ఏడాదిపాటు నిలవున్న సొమ్ములో లక్షకి రెండున్నర వేలు జకాత్. అది ఎవరికి చెందాలో ఖురాన్ తొమ్మిదో సూరా (అధ్యాయం) 60వ ఆయతు (వాక్యం) ఎనిమిది రకాలుగా చెప్పింది. అందులో యజమాని బాకీ తీర్చుకోవడం లేదు. కూలి కింద జమకట్టిన జకాత్ జకాతే కాదు. పనివాడి చెమట ఆరకముందే కూలి ఇచ్చేయమని ప్రవక్త మాట. ప్రతి రంజాన్‌కీ ప్రసంగంలో వింటాం, చెప్పులు వేసుకునేలోపు మర్చిపోతాం. అసలు ఆ ప్రసంగం చెప్పే ఇమాముకే జీతం సరిగ్గా ఇవ్వరు చాలాచోట్ల. పాలరాయికీ ఏసీలకీ మాత్రం చందాలు ఇట్టే పోగవుతాయి.

మాఊన్ అని ఏడే ఆయతుల చిన్న సూరా ఒకటుంది, పిల్లలకి కూడా నోటికి వచ్చు. అనాథని గెంటేసేవాణ్ణి, నలుగురూ చూడాలని నమాజు చేసేవాణ్ణి, చిన్నపాటి సాయం కూడా చెయ్యనివాణ్ణి ఒకే గాటన కట్టింది. మాఊన్ అంటే ఇరుగుపొరుగు అడిగి పట్టుకెళ్ళే గిన్నె, బొక్కెన లాంటివని పెద్దలు చెప్తారు. ఇక దివాలా మనిషి గురించిన హదీసు, అంటే ప్రవక్త మాట, సహీ ముస్లిం అనే హదీసుల సంకలనంలో ఉంది. ప్రళయదినాన నమాజులు, రోజాలు, జకాత్ మోసుకుంటూ వస్తాడట. కానీ బతికుండగా ఒకణ్ణి తిట్టాడు, ఇంకొకడి సొమ్ము తిన్నాడు. అతని పుణ్యమంతా వాళ్ళకి పంచేస్తారు. అది చాలకపోతే వాళ్ళ పాపాలు తెచ్చి ఇతని నెత్తిన వేస్తారు. హుఖూఖుల్ ఇబాద్, అంటే మనుషులకి మనం పడ్డ బాకీ. మనం చెల్లించాలి, లేదా రావాల్సినవాడు మాఫీ చెయ్యాలి, లేకపోతే అది తీరదు. హజ్‌కి వెళ్ళొచ్చినా అంతే.

రంజాన్ పండగనాడు ఈద్గాలో నమాజయ్యాక ఆ మిర్చి వ్యాపారే వచ్చి నాన్నని మూడుసార్లు కౌగలించుకున్నాడు. నాన్న కూడా ముబారక్ అన్నాడు. డబ్బు బక్రీద్ దాటాక రెండు విడతలుగా వచ్చింది, 200 తక్కువ. మరుసటేడు మళ్ళీ గుడ్డ తాను పంపాడు. అడ్వాన్సు చేతిలో పడ్డాకే నాన్న కత్తెర పట్టాడు.