పాదం పైకెత్తి దారం ఎక్కించు

పర్లాకిమిడి

అమ్మాయ్,

మీ నాన్న మొన్న గుణుపూర్ రైల్లో వచ్చాడు. కాఫీ తాగుతూ తాగుతూ, "అక్కా, నీ మేనకోడలు షాపు పని మానేసి ఫోన్లో జాకెట్టు కటింగు నేర్పుతుందట" అన్నాడు. వాడు మామూలుగానే అన్నాడు గానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సగం భయం. మిగతా సగం ఏంటో చెప్తే నెత్తికెక్కుతావు.

ముందు నా భయాలు విను. నీ ఫోన్ నంబరు వీడియోలో పెట్టకు. కొలతలు మనిషి ఒంటి మీద టేపు పెట్టి చూపించకు. సరిగ్గా పట్టే పాత జాకెట్టు ఒకటి బల్ల మీద పరిచి కొలువు. చూసేవాళ్ళంతా కుట్టు నేర్చుకోడానికే వస్తారని అనుకోకు. ముఖం కూడా అక్కర్లేదు, చేతులు కనిపిస్తే చాలు. నవ్వుతున్నావని తెలుసు. నవ్వుకో, కానీ నా మాట విను.

తెల్ల గుడ్డ మీద ఎర్ర దారంతో కుట్టి చూపించు. మిషను తొక్కుతూ మాట్లాడకు, ఆ చప్పుడులో ఒక్క ముక్క వినపడదు. లైనింగు గుడ్డ నానబెట్టి ఆరేశాకే కత్తిరించమను. పట్టుకి సన్న సూది, 11 నంబరుది. 16 వేస్తే కన్నాలు ఉండిపోతాయి. ఫోను ఎదురుగా పెట్టకు, నేర్చుకునేవాళ్ళ భుజం మీద నుంచి చూసినట్టు నీ వెనకాల ఎత్తులో కట్టు. ఎదురుగా పెడితే కుడి ఎడమవుతుంది. సెల్ఫీ కెమెరాతో అసలు తీయొద్దు, కొన్ని ఫోన్లు బొమ్మని తిప్పేసి దాస్తాయి. హుక్కుల పట్టీ తప్పు వైపు పడిందంటే ఆ పిల్ల నిన్నే తిడుతుంది.

ఇంకోటి. మన వైపు పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్ళో ఒడియా చదువుతారు. నువ్వు తెర మీద తెలుగులో ఎంత అందంగా రాసినా సగం మంది చదవలేరు. పెళ్ళై సూరత్ వెళ్ళిపోయిన మనవాళ్ళూ అంతే. అన్నీ నోటితో చెప్పు, తెర మీద అంకెలు మాత్రం పెట్టు. టేపుకి రెండు వైపులుంటాయి కదా, ఇంచీల వైపు అని ప్రతిసారీ అను. విసుగొచ్చినా అను.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది నీకెప్పుడూ చెప్పలేదు.

రైలు ఇంకా చిన్న పట్టాల మీద నడిచే రోజులు. నేనొక ట్రైనింగు సెంటర్లో కుట్టు నేర్పేదాన్ని. పదిహేను మంది ఆడపిల్లలు, ఆరు మిషన్లు. కాశీనగర్ నుంచి ఒక పిల్ల రోజూ ఆ చిన్న రైల్లో వచ్చేది. చెయ్యి మంచిది, కటింగు ఒక్కసారి చూస్తే పట్టేసేది. ఆరు నెలలు గడిచాక ఇంట్లో అప్పో సప్పో చేసి సొంతంగా మిషను కొనుక్కుంది. అక్క పెళ్ళికి జాకెట్టు తనే కుట్టింది. పెళ్ళికి ముందు తెచ్చి నాకు చూపించింది కూడా. నేను పైనుంచి చూశాను. ముత్యాలు పేర్చినట్టుంది. బాగుందమ్మా అని పంపేశాను.

తలంబ్రాలు పోయడానికి పెళ్ళికూతురు చెయ్యెత్తగానే చంక కింద నుంచి నడుం దాకా కుట్టు విడిపోయింది. ఎవరో శాలువా కప్పారట. ఫోటోలన్నిట్లోనూ ఆ శాలువాయే.

వారం తర్వాత ఆ పిల్ల మా ఇంటికొచ్చింది. ఏమీ అనలేదు. జాకెట్టు తిరగేసి నా ఒళ్ళో పెట్టింది. లోపల పై దారం అంతా వదులుగా ఉచ్చులు ఉచ్చులుగా పడి ఉంది. కింది దారం వాటి మధ్య నుంచి తిన్నగా గీత గీసినట్టు పోయింది. కొస పట్టుకుని లాగాను. సర్రున మూరెడు ఊడి చేతిలోకొచ్చింది. తర్వాత వాళ్ళింటికి వెళ్ళి మిషను చూశాను. దారం తీసి మళ్ళీ ఎక్కించి కుట్టాను. ఏ లోపమూ లేదు, చక్కగా పడింది. మిషను బాగానే ఉందంటే తప్పు నీదే అన్నాను. నిర్లక్ష్యం అన్నాను, వాళ్ళమ్మ ముందే. ఆ మిషను తర్వాత అమ్మేశారని విన్నాను.

ఇన్నేళ్ళూ ఆ పిల్లదే తప్పనుకున్నాను. పోయిన సంక్రాంతికి నువ్వు సరదాగా నా చేతుల్ని వీడియో తీసి టీవీలో వేశావు గుర్తుందా? అందులో నా చెయ్యి దారం ముట్టుకునే ముందు మిషను వెనక్కి వెళ్ళి మీట ఎత్తింది. సూది దగ్గర గుడ్డని నొక్కిపట్టే పాదం పైకి లేచాకే దారం ఎక్కించింది. నేను ఎత్తుతానని నాకే తెలీదు! మా అమ్మ అలా చేస్తుంటే చూసి ఉంటాను, చేతికి వచ్చేసింది. పాదం దించి ఉంటే దారాన్ని నొక్కిపట్టే ఆ రెండు బిళ్ళలు మూసుకుని ఉంటాయి. దారం వాటి మధ్యకి దిగదు, అంచు మీదే ఉండిపోతుంది. పట్టు దొరకదు. పైన ముత్యాలు, కింద ఉచ్చులు. అదే జరిగింది. క్లాసులో నేను చెప్పిందల్లా, "దారం ఇక్కడి నుంచి ఇక్కడికి, ఇక్కడి నుంచి సూదిలోకి" అని. పాదం ఎత్తాలని ఆ పిల్లకి ఎవరు చెప్పారు?

నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. పోపు ఘాటుకి కళ్ళు మండాయనుకున్నావు నువ్వు.

అందుకే చెప్తున్నాను. ప్రతి పాఠం ముందు నీ చేతుల్ని వీడియో తీసుకుని, సగం వేగంలో పెట్టి, నువ్వే చూసుకో. నోటితో చెప్పకుండా చెయ్యి చేసేస్తున్న పనులన్నీ కాగితం మీద రాసుకో. కనీసం అయిదారు దొరుకుతాయి. కుట్టు మొదలుపెట్టేముందు రెండు దారాల కొసలూ వేలితో పట్టుకుంటావు చూడు, అదీ వాటిలో ఒకటి. అవన్నీ పైకి చెప్పు. నా దగ్గర ఈ ఫోను ఉండుంటే ఆ పిల్ల ఇవాళ కాశీనగర్‌లో షాపు పెట్టుకునేది.

కేంద్ర ప్రభుత్వం విశ్వకర్మ పథకంలో దర్జీలకి కూడా అయిదు నుంచి ఏడు రోజులు మొదటి ట్రైనింగు ఇస్తున్నారు, రోజుకి 500 రూపాయలు భత్యం కూడా. అక్కడైతే పక్కన నిలబడి చెయ్యి పట్టుకునే మనిషి ఉంటుంది. నువ్వు నేర్పే చోట ఉండదు. కాబట్టి నేర్చుకునేవాళ్ళ చేత ఫోటో పంపించుకో. జాకెట్టు వేసుకుని దిగిన ఫోటో కాదు. తిరగేసి, లోపలి కుట్టు దగ్గరగా తీసింది. బాగుందనే ముందు ఆ కుట్టుని రెండు చేతుల్తో అటూ ఇటూ లాగి, ఏం కనిపించిందో రాయమను. మొదటి నెలంతా న్యూస్ పేపర్ మీదే కత్తిరించమను. ఒక్కోళ్ళ దగ్గర ఉండేది ఆ ఒక్క జాకెట్టు ముక్కే. అది పాడైతే చీరంతా పెట్టెలో పడి ఉంటుంది.

ఎవరైనా కుట్టు చెడగొట్టుకుని అడిగితే, నువ్వేం తప్పు చేశావని మొదలుపెట్టకు. మిషను వీడియో తీసి పంపమను, దారం ఎక్కించేటప్పటి నుంచీ.

షాపు వాళ్ళతో మాత్రం మంచిగా చెప్పి బయటికి రా, తగువు పెట్టుకోకు. మీ నాన్నతో నేను మాట్లాడతాను. వాడు ఒప్పుకోక ఏం చేస్తాడు! ఎర్ర దారం రీళ్ళు పన్నెండు కొనుంచాను, మళ్ళీ వచ్చినప్పుడు వాడి చేత పంపిస్తాను.

మొదటి వీడియో ఎవరికీ పెట్టకు, ముందు నాకు పంపు. సౌండు తీసేసి చూస్తాను, నీ చేతులు మాత్రమే.

మీ అత్త