పంపు విప్పు, మోటారు జోలికి పోకు

ప్రశ్న: మాది సూర్యాపేట జిల్లా. 260 అడుగుల బోరులో 5 హెచ్‌పీ త్రీఫేజ్ సబ్‌మెర్సిబుల్ దించి మూడేళ్లయింది. ఈ యాసంగిలో నీళ్లు సగానికి పడిపోయాయి, సన్న ఇసుక కూడా వస్తోంది. పైకి తీయించాం. మెకానిక్ ‘కప్పులన్నీ మార్చాలి, మోటారు కూడా విప్పి చూడాలి’ అంటున్నాడు. నేను పాలిటెక్నిక్ చదివాను, పానా పట్టడం తెలుసు. నేనే విప్పుకోవచ్చా?

జవాబు: తమ్ముడూ, పంపు నువ్వే విప్పుకో. మోటారు మాత్రం విప్పకు. చూడ్డానికి రెండూ కలిసి ఒకటే గొట్టం. పైన కప్పులున్న సగం పంపు, కింద కేబుల్ దూరిన సగం మోటారు. నీళ్లు తగ్గి, ఇసుక వస్తోందంటే అరిగింది పై సగమే అయి ఉంటుంది.

ముందు కరెంటు సంగతి. స్టార్టర్ ఆఫ్ చేశాంలే అనుకోకు. ఆటో స్టార్టర్ పెట్టి ఉంటే కరెంటు రాగానే దానంతటదే లేస్తుంది. ఫ్యూజులు ఊడబీకి జేబులో వేసుకో, కేబుల్‌ను స్టార్టర్ నుంచి విప్పేసెయ్. ఆ తర్వాతే పానా ముట్టుకో.

పంపును రెండు పాత టైర్ల మీద పడుకోబెట్టు. మట్టిలో వద్దు, కింద ఒక పరదా పరుచు. కేబుల్ మీది రేకు స్క్రూలు తీసి, నీళ్లు దూరే జల్లెడ ఊడదియ్. అక్కడ మోటారునూ పంపునూ పట్టుకున్న నట్లు కనపడతాయి. అవి విప్పి వంకర పోకుండా తిన్నగా లాగితే రెండూ విడిపోతాయి. ఇప్పుడు రెండు షాఫ్టులనూ చేత్తో తిప్పి చూడు. మోటారుది కొంచెం బిగువుగా ఉన్నా నున్నగా తిరగాలి. గరగరమంటే లోపలికి ఇసుక పోయినట్టే. పంపు షాఫ్టును పైకి కిందికి కదిపి చూసి, ఎంత ఆడుతుందో స్కేలుతో కొలిచి రాసిపెట్టుకో.

ఇక కప్పులు. నీది పక్కన పట్టీలు ఉన్న రకమైతే, పట్టీల నట్లు తీసి ముందు పైనున్న వాల్వు ఊడదియ్. తర్వాత ఒక్కో కప్పు, ఒక్కో ఇంపెల్లర్ (నీళ్లను తోసే రెక్కల చక్రం), మధ్యలో షాఫ్టుకు తొడిగే చిన్న స్లీవులు వరుసగా వస్తాయి. ప్రతిదాని మీదా మార్కరుతో నంబరు వేసి, వచ్చిన వరుసలోనే బైండింగు తీగకు గుచ్చు. ఎందుకు చెప్తున్నానంటే, పని కొత్తలో నేను అన్నీ గోనెసంచిలో వేసుకుని షెడ్డుకు పోయాను. ఒక స్లీవు గడ్డిలో పడిపోయింది, నాకు తెలియదు. బిగించి దించి స్విచ్ వేస్తే పంపు పట్టేసింది. ఇరవై అడుగుల ఇనప పైపులు పద్నాలుగు మళ్లీ పైకి తీశాం. ఆ రైతు ఏమీ అనలేదు గానీ, వాళ్లమ్మ రోజంతా అంటూనే ఉంది.

ఇంపెల్లరును నీళ్లతో కడిగి దాని మెడ చూడు, నీళ్లు లోపలికి పోయే మూతి చుట్టూ ఉండే అంచు. ఇసుక దాన్నే తింటుంది. మెడ మీద వేలుపెట్టి తిప్పితే గాడి పడిందో లేదో తెలిసిపోతుంది. దాన్ని కప్పులో ఉన్న రింగులో కూర్చోబెట్టి అటూ ఇటూ ఊపు. బాగా ఊగితే మధ్యలో సందు పెరిగినట్టే. ఆ సందులోంచే పైకి పోవాల్సిన నీళ్లు మళ్లీ కిందికి జారి అక్కడక్కడే తిరుగుతాయి. మోటారు తిరుగుతుంది, కరెంటు తాగుతుంది, కాలువకు నీళ్లు రావు. కప్పు గట్టిగానే ఉండి రింగు, బుష్షు మాత్రమే అరిగితే అవి రెండే మార్చు. ‘అన్నీ మార్చాలి’ అన్నవాడిని ఏది ఎక్కడ అరిగిందో చూపించమను. సున్నం పేరుకుని ఉంటే యాసిడ్ పోయకు. ఇంపెల్లర్లు కంచువైతే చింతపండు పులుసులో రాత్రంతా నానేసి తోము, ఇత్తడి బిందెలు తోమినట్టే.

తిరిగి బిగించేటప్పుడు పట్టీల నట్లు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించు. ఒక పక్కనే లాగితే పంపు వంగుతుంది. రెండు చుట్లు బిగించాక ఒకసారి షాఫ్టు తిప్పి చూడు. ఇందాక రాసుకున్న ఆట అటూ ఇటూగా అంతే రావాలి. రాలేదంటే ఏదో స్లీవు తప్పింది.

ఇక మోటారు. నీది నీళ్లు నింపే రకమైతే దాని వైండింగు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. స్క్రూడ్రైవరు మొన తగిలి సన్నటి గీత పడినా చాలు, నీళ్లలో అది కాలిపోతుంది. అడుగున బరువు మోసే కార్బన్ బేరింగు, వేడికి నీళ్లు వ్యాకోచిస్తే సర్దుకునే రబ్బరు డయాఫ్రం ఉంటాయి. వాటిని మన షెడ్డులో సరిగ్గా కూర్చోబెట్టలేం. విప్పకుండానే 500 వోల్టుల మెగ్గరుతో, అంటే కరెంటు లీకు చూసే మీటరుతో, వైర్లకూ బాడీకీ మధ్య పరీక్ష చేయించు. ఒక మెగా ఓమ్ కంటే తక్కువ వస్తే ముందు కేబుల్ జాయింటు కోసి, జాయింటు లేకుండా మళ్లీ చూడు. తప్పు చాలాసార్లు ఆ టేపు ముడిలోనే ఉంటుంది. మూడు వైర్లనూ రెండేసి చొప్పున కొలిస్తే రెసిస్టెన్సు మూడుసార్లూ ఒకేలా రావాలి. ఇవన్నీ బాగుండి, షాఫ్టు గరగరమనకపోతే మోటారు ముట్టుకోనక్కర్లేదు. గరగరమంటే మాత్రం వర్క్‌షాపుకే పంపించు.

దించే ముందు మోటారును నిలబెట్టి రెండు ప్లగ్గులూ తీసి, తాగే నీళ్లు ఒకదాంట్లో మెల్లగా పోస్తూ ఉండు. బుడగలు ఆగాక అరగంట వదిలేసి మళ్లీ నింపు. ఆయిల్ మోటారైతే నీళ్లు పోయొద్దు, కంపెనీ చెప్పిన ఆయిలే. తిరుగుతుందో లేదో చూద్దామని ఒడ్డున ఉత్తగా స్విచ్ వేయకు. లోపలి బుష్షులకు నీళ్లే నూనె.

ఇసుక ఎందుకొస్తోందన్నది తేల్చకపోతే మూడేళ్లకు ఇదే ఉత్తరం మళ్లీ రాస్తావు. మన బోర్లలో కేసింగు పైనున్న మెత్తటి నేల వరకే, కింద ఉత్త రాయి. కేసింగు రాయి మీద సరిగ్గా కూర్చోకపోతే ఆ సందులోంచి మట్టి జారుతుంది. పంపు అడుక్కి దగ్గరగా ఉంటే ఆ మట్టినంతా అదే లాగుతుంది. వీలైతే బోరు ఫ్లషింగ్ చేయించి, నీళ్ల మట్టం చూసుకుని ఈసారి ఒక పైపు తగ్గించి దించు. మొదటి రోజు ఒడ్డున ఉన్న గేటు వాల్వు సగమే తెరువు. వచ్చిన నీళ్లు ఒక తెల్ల బకెట్లో పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచి, అడుగున ఎంత పేరిందో నాకు రాయి.