ఓపెనింగ్స్ బట్టీ పట్టొద్దు పాపా

చిరంజీవి కీర్తనకు పెద్దనాయన ఆశీస్సులు.

ఇక్కడ చిత్తూరులో అందరం కులాసా. నువ్వు చెస్ టోర్నమెంటుకు పేరిచ్చావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో! పక్కింటివాళ్లకు కూడా చెప్పేశాను. అంతలోనే ఆమె ఇంకో మాట చెప్పింది. ఓపెనింగ్స్ అని, ఆట మొదట్లో వేసే ఎత్తుల వరసలున్న లావుపాటి పుస్తకం తెచ్చుకుని రాత్రి ఒంటిగంట దాకా ఎత్తులు బట్టీ పడుతున్నావట, పొద్దున టిఫిన్ కూడా తినకుండా కాలేజీకి పరుగెడుతున్నావట. అప్పటినుంచి నాకు టెన్షన్ పట్టుకుంది.

మధ్య గళ్ల మీద పట్టు, గుర్రాలనూ బిషప్పులనూ ముందు బయటికి తేవడం, త్వరగా క్యాస్లింగ్ చేసి రాజును పక్కకు దాచడం, మంత్రిని తొందరపడి తిప్పకపోవడం. ఇవి నీకు తెలిసినవే, వాటి గురించి రాయను.

తెల్లపావులతో ఇటాలియన్ అనే ఓపెనింగ్ ఒక్కటి నేర్చుకో, ఇప్పటికి చాలు. నీ బంటు ఈ4 (‘ఈ’ అనే నిలువు వరసలో నాలుగో గడి), వాళ్ల బంటు ఈ5, నీ గుర్రం ఎఫ్3, వాళ్ల గుర్రం సి6, నీ బిషప్ సి4. అక్కడ ఆగి, ఆ బిషప్ ఎటు చూస్తోందో వేలు పెట్టి చూసుకో. ఎఫ్7 మీదికి. ఆట మొదట్లో ఆ బంటును కాసేది రాజొక్కడే. ఈ ఒక్క సంగతి అర్థమైతే సగం ఎత్తులు వాటంతటవే తోస్తాయి. నల్లపావులు నీకొచ్చి, నీ రెండో గుర్రం ఎఫ్6కు పోయాక ఎదుటివాళ్ల గుర్రం జి5కు వచ్చిందనుకో, ఎఫ్7 మీద రెండు పావులు గురిపెట్టినట్టు. అప్పుడు బంటును డి5కు తోసి బిషప్‌కు అడ్డం పెట్టు. ఆ బంటును వాళ్లు కొడితే మాత్రం గుర్రంతో వెంటనే తిరిగి కొట్టకు. కొడితే వాళ్లు ఎఫ్7లో గుర్రాన్ని బలిపెట్టి నీ రాజును నడిబజారుకు లాగుతారు. సి6లో ఉన్న గుర్రాన్ని ఏ5కు తెచ్చి ఆ బిషప్‌నే బెదిరించు. బంటు ఒకటి తక్కువైనా నీ పావులు చకచకా బయటికొస్తాయి.

ఎదుటివాళ్లు బంటు డి4తో మొదలుపెడితే నీ బంట్లు డి5, ఈ6, గుర్రం ఎఫ్6. అంతే.

ఎత్తుల వరస మారిందని కంగారుపడొద్దు. రెండో ఎత్తులోనే బిషప్‌ను సి4కు తెచ్చి, గుర్రాన్ని ఆ తర్వాత తెచ్చినా అదే ఇటాలియన్ రావచ్చు. అలిపిరి మెట్లెక్కినా శ్రీవారిమెట్టు ఎక్కినా చేరేది తిరుమలకే కదా.

ఇక మీ నాయన సంగతి. రాస్తానని ఆయన్ను అడిగాను, రాయమన్నాడు.

తిరుపతిలో డిగ్రీ చదివే రోజుల్లో మీ నాయన ఒక స్నేహితుడి దగ్గర సిసిలియన్ అనే నల్లపావుల ఓపెనింగ్ మీద పుస్తకం తెచ్చుకున్నాడు. అందులో నజ్‌డార్ఫ్ అనే పద్ధతి పట్టుకుని ఇరవయ్యో ఎత్తు దాకా కంఠస్థం చేశాడు. గదిలో గోడనిండా కాగితాలు. అన్నం తింటూ కూడా ఎత్తులు వల్లించేవాడు. కాలేజీల మధ్య పోటీ జరిగితే చూద్దామని నేను చిత్తూరు నుంచి బస్సెక్కి పోయాను. ఎదుటి అబ్బాయి ఈ4 వేశాడు, వీడు సి5 వేసి నావైపు చూసి నవ్వాడు. రెండో ఎత్తుకు ఆ అబ్బాయి గుర్రాన్ని తీయలేదు. బంటును సి3కి జరిపాడు. మీ నాయన మొహంలో నెత్తుటిచుక్క లేదు. ఆ ఎత్తు ఆయన కాగితాల్లో లేదు. గడియారం నడుస్తూనే ఉంది. చివరికి తను చదివిన డి6, ఏ6 ఎత్తులే వేసుకుంటూ పోయాడు. ఈలోగా తెల్ల బంట్లు డి4లో, ఈ4లో పక్కపక్కన నిలబడి, ముందుకొచ్చిన గుర్రాన్నల్లా తరిమేశాయి.

సి3లో బంటు కూర్చుంటే తెల్ల గుర్రానికి ఆ చోటు పోయినట్టే. ఆ ఒక్కటి గమనిస్తే చాలు. బంటును డి5కు తోసి, వాళ్లు కొడితే మంత్రితో ధైర్యంగా తిరిగి కొట్టొచ్చు. మంత్రిని తరమడానికి గుర్రం సి3కి రాలేదు కదా. లేదంటే గుర్రాన్ని ఎఫ్6కు తెచ్చి ఈ4 మీద పడొచ్చు. మీ నాయనకు ఆ తెలివి లేక కాదు, ఆ బంటు ఎందుకు జరిగిందని అడగడం ఆ పుస్తకం ఆయనకు నేర్పలేదు. ఓడితే ఓడాడు. "నాకు బుర్ర లేదన్నా" అంటూ బోర్డును వీధిలో పిల్లలకిచ్చేశాడు. మళ్లీ ముట్టలేదు. నా తమ్ముడు తనను తాను అంత మాట అనుకోవడం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. నీ నోట ఆ మాట వినకూడదు తల్లీ. అందుకే ఇంత కోప్పడుతున్నాను.

ఆ లావు పుస్తకం పక్కనపెట్టు. ప్రతి ఆటా ఎత్తు ఎత్తూ రాసుకో. ఇంటికొచ్చాక నీకు తెలిసిన దారి ఎక్కడ తప్పిందో చూసి, ఆ ఒక్క ఎత్తు గురించే పుస్తకంలో వెతుకు. అలా వచ్చింది మర్చిపోవు. లిచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో కంప్యూటర్ ఉచితంగానే చూపిస్తుంది, కానీ అది మంచి ఎత్తేదో చెబుతుంది తప్ప ఎందుకో చెప్పదు. ఆ ఎందుకన్నది ముందు నువ్వే ఒక మాటలో రాసి, తర్వాత దాన్ని తెరువు.

గుడివాడ పిల్ల కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది కదా, నాకు ఆలస్యమైపోయిందని అన్నావట. ఆమెకు చిన్నప్పటినుంచీ నాన్నే గురువు. 2019లో, మళ్లీ 2024లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ సమయంలో ఆడే చెస్) టైటిల్ గెలిచింది. రెండోసారికి ఆమె వయసెంతో లెక్కేసుకో. నీకు తొందరేం లేదు.

పోటీరోజు ముట్టుకున్న పావునే ఆడాలి, చేతులు ఒళ్లో పెట్టుకుని ఆలోచించు. ముందురోజు పదింటికే పడుకో. ఇడ్లీ తిని పో, నీళ్ల బాటిల్ మర్చిపోకు. మీ నాయనను వెంట రమ్మను. రానంటే నాకు ఫోన్ చెయ్యి, నేను మాట్లాడతాను.

ఆటలు రాసిన కాగితాలు ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు. ఓడినవి ముందు పంపు.

నీ పెద్దనాయన