పాస్ ఒకరి పేర, గది ఇంటిల్లిపాదికీ

విహారయాత్రల ఖర్చుపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. నవంబరులో అమెరికాలోని మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాను. వాళ్లు నార్త్ కరొలైనా రాష్ట్రంలోని షార్లట్‌లో ఉంటారు. నేను అక్కడ ఉండే ఆరు నెలల్లో డిసెంబరు మొదటి వారంలో ఒకసారి, ఏప్రిల్‌లో మరొకసారి, ఐదేసి రాత్రుల చొప్పున ఫ్లోరిడాలోని వినోద పార్కుల సముదాయమైన డిస్నీ వరల్డ్‌కు కారులో వెళ్దామని అబ్బాయి, కోడలు అనుకుంటున్నారు. మనవరాలికి ఏడేళ్లు, మనవడికి రెండేళ్లు. అక్కడి పార్కుల్లోకి ఏడాదిపాటు వెళ్లనిచ్చే వార్షిక పాస్ ఉంటే రిసార్టు గది అద్దె బాగా తగ్గుతుందని, కాబట్టి నలుగురికీ పాస్‌లు తీసుకుందామని అబ్బాయి అంటున్నాడు. నా వంతు ఖర్చు నా పింఛనులోంచే పెట్టుకోవాలని నా పట్టుదల. అంత డబ్బు పోసి పాస్ కొంటే నిజంగా కలిసివస్తుందా?
ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: పాస్ ఉన్నవారికి గది అద్దె తగ్గుతుందన్న మాట నిజమేనండి. నలుగురికీ పాస్‌లు కావాలన్న మాట మాత్రం సరికాదు. ఒక గదిలో దిగే కుటుంబంలో ఒక్కరి పేర పాస్ ఉంటే చాలు, ఆ గది మొత్తానికి రాయితీ అద్దె వర్తిస్తుంది. మిగతా ముగ్గురూ మామూలు టికెట్లతో పార్కుల్లోకి వెళ్లవచ్చు. మీ మనవడికైతే ఆ టికెట్ కూడా అక్కర్లేదు, ఎందుకంటే మూడేళ్లు నిండని పిల్లలకు అక్కడ ప్రవేశం ఉచితం. మనవరాలి విషయంలో ఇంకొకటి గమనించాలి. మామూలు టికెట్లలో మూడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు కొంచెం తక్కువ ధర ఉంటుంది కానీ, వార్షిక పాస్‌లో పిల్లల ధర అంటూ వేరే లేదు. ఏడేళ్ల పిల్లకు పాస్ కొనడమంటే పెద్దవారి ధర చెల్లించడమే. నలుగురిలో ఎవరికి అన్నిటికన్నా తక్కువ గిట్టుబాటు అని అడిగితే మనవరాలికి, ఆ తర్వాత మేలో హైదరాబాదుకు తిరిగి వచ్చేసే మీకు అని చెబుతాను.

కాబట్టి పాస్ అంటూ కొంటే అది మీ అబ్బాయి పేర ఉండాలి. డిస్నీ వరల్డ్‌లో నాలుగు రకాల వార్షిక పాస్‌లు ఉన్నా, ఫ్లోరిడా వాసులు కాకుండా, ఆ సంస్థ వారి టైమ్‌షేర్‌లో (ఏటా కొన్ని రోజుల బస హక్కును ముందే కొనుక్కునే పథకంలో) సభ్యత్వం కూడా లేనివారికి దొరికేది ఒక్కటే, అన్నిటికన్నా ఖరీదైన ఇంక్రెడి-పాస్. షార్లట్‌లో ఉండేవారికి నెలవారీ వాయిదాల సౌకర్యం కూడా ఉండదు, మొత్తం ఒకేసారి చెల్లించాలి. అందువల్ల తొందరపడకుండా కాగితం మీద లెక్క వేసుకోవాలి. ఆ లెక్కలో చాలామంది తప్పటడుగు వేసే చోటు ఒకటుంది, దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను.

సులువుగా అర్థం కావడానికి గుండ్రని అంకెలు తీసుకుందాం. ఇవి నేను ఊహించుకున్న అంకెలే, మీరు బుక్ చేసే రోజున కనిపించే ధరలను వీటి స్థానంలో వేసుకోండి. గది అద్దె రాత్రికి 400 డాలర్లు అనుకుందాం. పది రాత్రులకు 4,000 అవుతుంది. డిస్నీ హోటళ్లలో ఎక్కువ భాగం ఉన్న ఆరెంజ్ కౌంటీలో గది అద్దె మీద అమ్మకపు పన్ను 6.5 శాతం, పర్యాటక పన్ను 6 శాతం కలిపి 12.5 శాతం పడుతుంది కాబట్టి మొత్తం 4,500 చెల్లించాలి. పాస్ ఉన్నవారికి ఇరవై అయిదు శాతం రాయితీ దొరికిందనుకుంటే అద్దె 3,000, పన్ను 375, మొత్తం 3,375. అంటే 1,125 డాలర్లు మిగిలాయి. ఇక పాస్ ధర 1,600 అనుకుందాం. మీ అబ్బాయి పాస్ కొనకపోతే రెండు ప్రయాణాలకూ నాలుగేసి రోజుల టికెట్లు ఎలాగూ కొనాలి, ఒక్కొక్కటి 550 చొప్పున 1,100 అవుతుంది. అంటే పాస్ వల్ల అదనంగా పడిన ఖర్చు 1,600 కాదు, 500 మాత్రమే. 1,125లోంచి 500 తీసేస్తే 625 డాలర్ల లాభం తేలుతుంది. మీ అబ్బాయి వేసిన లెక్క కూడా బహుశా ఇలాగే ఉండి ఉంటుంది.

తప్పటడుగు ఇక్కడే పడుతుంది. పాస్ రాయితీని అసలు అద్దెతో పోల్చి చూశాం, కానీ అసలు అద్దె చెల్లించి దిగేవారు ఎంతమంది? అదే తేదీలకు, అదే హోటల్లో, పాస్ లేని సాధారణ అతిథులకు కూడా ఏడాదిలో చాలాసార్లు ఆఫర్లు పెడుతుంటారు. అలాంటి ఆఫర్‌లో ఇరవై శాతం తగ్గిందనుకోండి, పది రాత్రులకు అద్దె 3,200, పన్ను 400, మొత్తం 3,600 అవుతుంది. పాస్ ఉన్నవారి అద్దెకు, దీనికి తేడా 225 డాలర్లే. పాస్ కోసం అదనంగా పెట్టిందేమో 500. అంటే 625 లాభం అనుకున్నది 275 నష్టంగా మారింది. నెలనెలా వచ్చే పింఛనులోంచి ఖర్చు పెట్టేవారికి ఇది చిన్న మొత్తం కాదు. అందువల్ల మీ అబ్బాయిని ఒక్క పని చేయమనండి. ఏ తేదీలకు గది కావాలో ఆ తేదీలకు సాధారణ ఆఫర్ ధర, పాస్ ఉన్నవారి ధర రెండూ పక్కపక్కన రాసుకుని, ఆ రెండింటి తేడాను మాత్రమే పాస్ తెచ్చిన లాభంగా లెక్కించమనండి.

మూడో ప్రయాణం ఉంటే లెక్క పూర్తిగా మారిపోతుంది. పాస్ గడువు కొన్న రోజు నుంచి కాదు, దాన్ని మొదటిసారి పార్కులో వాడకంలోకి తెచ్చిన రోజు నుంచి ఏడాది. డిసెంబరు మొదటి వారంలో మొదలుపెడితే మరుసటి నవంబరు చివరిదాకా చెల్లుతుంది. మీరు తిరిగి వచ్చేశాక అబ్బాయి, కోడలు, పిల్లలు ఆ నవంబరులో ఇంకొకసారి వెళ్లేటట్టయితే, అబ్బాయికి మూడో టికెట్ 550 డాలర్లు కూడా తప్పుతుంది. అప్పుడు 1,650 డాలర్ల టికెట్లకు బదులు 1,600 పాస్ కొన్నట్టు లెక్క, గది మీద తగ్గినదంతా నికరమైన మిగులు. నా అభిప్రాయం అడిగితే, కేవలం గది అద్దె కోసమే పాస్ కొనవద్దు. టికెట్ల లెక్కలోనే పాస్ ధర ఇంచుమించు తిరిగి వచ్చేటట్టుంటే మాత్రం, ఇంట్లో ఒక్కరికి తప్పకుండా కొనండి.

గది రాయితీ పాస్‌తో పాటు ఏడాది పొడుగునా చేతికి వచ్చే హక్కు కాదన్న సంగతి కూడా ముందే తెలిసి ఉండాలి. ఫలానా తేదీల మధ్య, ఫలానా హోటళ్లలో, కొన్ని గదులకు మాత్రమే అని సీజన్‌ను బట్టి ప్రకటిస్తారు. ఇంక్రెడి-పాస్‌కు పార్కు ప్రవేశంలో నిషిద్ధ దినాలు లేవు కాబట్టి క్రిస్మస్ వారంలో కూడా గది రాయితీ దొరుకుతుందని కొందరు పొరపడుతుంటారు. ప్రవేశం వేరు, గది రాయితీ వేరు. మీరు క్రిస్మస్ రద్దీకి ముందుగా డిసెంబరు మొదటి వారం ఎంచుకోవడం మంచి ఆలోచన. ఏప్రిల్ విషయంలో మాత్రం ఈస్టర్ ఏ వారంలో వస్తుందో చూసుకుని, దానికి దూరంగా తేదీలు పెట్టుకోండి. రాయితీ ప్రకటించేదాకా ఆగాలన్న నియమం కూడా లేదు. గది ఒక్కటే బుక్ చేసినప్పుడు ముందుగా ఒక రాత్రి అద్దె బయానాగా తీసుకుంటారు, చేరవలసిన రోజుకు ఐదారు రోజుల ముందుగా రద్దు చేసుకుంటే అది తిరిగి ఇచ్చేస్తారు. కాబట్టి ఇప్పుడే ఒక గది పట్టి ఉంచుకుని, ఆఫర్ వచ్చిన రోజున ఫోను చేసి, గదులు మిగిలి ఉంటే పాత బుకింగ్‌నే కొత్త ధరకు మార్పించుకోవచ్చు.

పార్కింగ్ రుసుమును మీ లాభంలో కలుపుకోకండి. పాస్ ఉన్నవారికి పార్కుల దగ్గర పార్కింగ్ ఉచితమన్నది నిజమే కానీ, డిస్నీ హోటల్లో దిగినవారికి అది ఎలాగూ ఉచితమే, హోటల్లో రాత్రి కారు పెట్టుకోవడానికి కూడా 2023 జనవరి నుంచి రుసుము తీసుకోవడం లేదు. బయటి హోటల్లో దిగితేనే, పార్కుల దగ్గర రోజూ చెల్లించవలసిన ఆ రుసుము పాస్ వల్ల మిగులుతుంది. బొమ్మలు, టీషర్టుల మీద 20 శాతం దాకా తగ్గింపు ఉంటుంది, పిల్లలతో వెళ్తున్నారు కాబట్టి అది ఎంతో కొంత ఉపయోగపడుతుంది. ఒక చిన్న అసౌకర్యం మాత్రం ఉంది. తేదీలు వేసిన మామూలు టికెట్ ఉన్నవారు 2024 జనవరి నుంచి పార్కుకు ముందుగా రిజర్వేషన్ చేసుకోనక్కర్లేదు, పాస్ ఉన్నవారు మాత్రం చాలా రోజులకు ఇంకా చేసుకోవాలి. మీ ముగ్గురికీ అక్కర్లేని ఆ పని అబ్బాయి ఒక్కడే మరిచిపోతే, గేటు దగ్గర అతనొక్కడే ఆగిపోయే పరిస్థితి వస్తుంది.

చివరగా, నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఫ్లోరిడాలోనే ఉన్న ఆర్లాండోలో ఒక రిసార్టుకు మా చెల్లెలి కుటుంబంతో వెళ్లాను. పాస్ మా మరిదిగారిది, బుకింగ్ చెల్లెలి పేర. ఆయన ఆఫీసు పని మీద ఆగిపోయి మరునాడు వస్తానన్నారు. కౌంటరులో ఉన్న అమ్మాయి ఎంతో మర్యాదగానే పాస్, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపించమని అడిగింది. పాస్ ఉన్న మనిషే అక్కడ లేరు. నాలుగు సూట్‌కేసులు, నిద్రకు తూగుతున్న ఇద్దరు పిల్లలు, చెల్లెలి చేతిలో పులిహోర డబ్బా, రాత్రి పదకొండు గంటలు. ఆ ఒక్క రాత్రికీ అసలు అద్దె చెల్లించి, మరునాటి నుంచి రాయితీ ధరకు బుకింగ్ మార్పించుకోవలసి వచ్చింది. తప్పు పూర్తిగా మాదే, నియమం బుకింగ్ కాగితంలోనే ఉంది. మీరు మాత్రం బుకింగ్ అబ్బాయి పేరనే చేయించండి, పాస్ ఉన్న అతను మొదటి రోజే మీతో పాటు కౌంటరు దగ్గర ఉండేటట్టు చూసుకోండి.

మీ పింఛను మాటకు వస్తే, మీ టికెట్ మీరు కొనుక్కోండి, కానీ చెల్లింపు మాత్రం అబ్బాయి అక్కడి కార్డుతో చేయనివ్వండి. మన బ్యాంకుల క్రెడిట్ కార్డుల్లో చాలావాటికి విదేశీ లావాదేవీ మీద 2 నుంచి 3.5 శాతం దాకా రుసుము, దాని మీద జీఎస్టీ పడతాయి. అతనికి రూపాయలుగా ఇక్కడి ఖాతాలో వేసినా మీ పట్టుదల నెరవేరినట్టే.

ప్రశ్న: మేము ఇద్దరం స్నేహితులం, గచ్చిబౌలిలో పనిచేస్తాం. ఆఫీసు పని మీద ఆర్లాండో వెళ్లినప్పుడు రెండు రోజులు అక్కడి వినోద పార్కుల సముదాయమైన యూనివర్సల్‌లో గడపాలని ఉంది. వార్షిక పాస్ కొంటే రైడ్ల దగ్గర క్యూ లేకుండా పోవచ్చని, హోటల్ కూడా చవకగా వస్తుందని విన్నాం. నిజమేనా?
ఒక పాఠకుడు, గచ్చిబౌలి

జవాబు: రెండు వేర్వేరు విషయాలు ఒక్కటిగా కలిసిపోయాయి. క్యూ తప్పించే ఎక్స్‌ప్రెస్ సౌకర్యం మీరు అడుగుతున్న సందర్భంలో పాస్‌తో కాక, హోటల్‌తో వస్తుంది. పోర్టఫీనో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ అనే మూడు హోటళ్లలో గది తీసుకుంటే, ఆ గదిలో ఉన్న అందరికీ యూనివర్సల్ స్టూడియోస్ ఫ్లోరిడా, ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ పార్కుల్లో ఎక్స్‌ప్రెస్ ఉచితం. 2025 మే 22న తెరిచిన ఎపిక్ యూనివర్స్ పార్కుకు ఇది వర్తించదు. గదిలో చేరే రోజు, ఖాళీ చేసే రోజు రెండూ లెక్కలోకి వస్తాయి కాబట్టి, ఒక్క రాత్రి అద్దెతో రెండు రోజుల ఎక్స్‌ప్రెస్ దొరుకుతుంది. గది సాయంత్రం దాకా సిద్ధం కాకపోయినా ఫర్వాలేదు, ఉదయమే సామాను కౌంటరులో అప్పగించి ఎక్స్‌ప్రెస్ తీసుకుని పార్కుకు వెళ్లిపోవచ్చు. పార్కు టికెట్లు మాత్రం విడిగా ఉండాలి. పాస్ ఉన్నవారికి ఈ హోటళ్లలో కూడా రాయితీలు ఇస్తారు కానీ, ఒక్క రాత్రి అద్దె మీద తగ్గేది పాస్ ఖరీదుకు సరిపోదు. ఏడాదిలోపు మళ్లీ వెళ్లే పని లేకపోతే మీకు పాస్ అనవసరం, మామూలు టికెట్లతో ఒక రాత్రి గది తీసుకోండి. ఈ హోటళ్లలో రాత్రి పార్కింగ్‌కు విడిగా రుసుము ఉంటుంది కాబట్టి, అద్దె కారు తీసుకునే ఆలోచన ఉంటే దాన్ని కూడా లెక్కలో చేర్చుకోండి.

ప్రశ్న: అంత దూరం వెళ్లలేనివాళ్లం. పిల్లలతో రామోజీ ఫిల్మ్ సిటీలో ఒక రాత్రి ఉండి చూసి రావాలని ఉంది. మన దగ్గర కూడా ఇలా గది అద్దె తగ్గించుకునే ఉపాయం ఏదైనా ఉందా?
ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మీరు అడిగిన చోట ఉపాయం వార్షిక పాస్‌లో కాదు, ప్యాకేజీలో ఉంటుంది. ఫిల్మ్ సిటీ ఆవరణలోనే సితార, తార వంటి హోటళ్లు ఉన్నాయి, బసతో పాటు సందర్శన టికెట్ కలిపిన ప్యాకేజీలు కూడా ఉంటాయి. ప్యాకేజీ మొత్తంలోంచి మీ ఇంట్లో వారందరి టికెట్ల విడి ధరను, భోజనం కలిపి ఉంటే దాని విలువను తీసేసి చూడండి. మిగిలిందే మీరు గదికి నిజంగా ఇస్తున్న అద్దె. అది విడిగా గది తీసుకున్న ధరకన్నా తక్కువైతేనే ప్యాకేజీ తీసుకోండి.

మన దేశంలో ఏ హోటల్‌కైనా పనికివచ్చే ఇంకొక సంగతి ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయలు దాటని గది అద్దె మీద జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. ఈ లెక్క బోర్డు మీద రాసిన ధరను బట్టి కాదు, మీ దగ్గర నిజంగా వసూలు చేసిన అద్దెను బట్టి ఉంటుంది. 8,000 రూపాయల గదికి పన్నుతో కలిపి 9,440 అవుతుంది. అదే గది మీద సభ్యత్వం వల్లో, ఆదివారం బదులు మంగళవారం వెళ్లడం వల్లో పది శాతం తగ్గితే అద్దె 7,200, పన్నుతో కలిపి 7,560 మాత్రమే. తగ్గించింది 800 రూపాయలే అయినా మీ చేతిలో మిగిలేది 1,880. కాబట్టి 7,500కు కాస్త పైన ఉన్న గది మీకు నచ్చినప్పుడు, బుకింగ్ వారితో ఆ కాస్త తగ్గించమని మొహమాటపడకుండా అడగండి, తగ్గించిన అద్దె బిల్లులో గది అద్దెగానే కనిపించేటట్టు రాయించుకోండి.